ముద్ర చెదిరింది

కిందటి నెల అమలాపురంలో కనుబొమ్మలు తీయించుకుందామని పార్లరుకి వెళ్ళాను. ఆవిడ సగంలో ఆగిపోయి, నోట్లోంచి దారం తీసి, "ఇక్కడ గాటుందేంటండీ? వెంట్రుకలు రావట్లేదు. పెన్సిల్‌తో దిద్దమంటారా?" అని అడిగింది.

"వద్దులెండి. స్టాప్లరు దెబ్బ."

"మీద పడిందాండీ?"

"పడలేదండి. విసిరారు."

"మీవారాండీ?" అంటూ దారం పక్కన పెట్టి మరీ నా వైపు తిరిగింది.

మావారికి అంత దమ్ము లేదు, ఆఫీసులో మా సారు అని చెప్పాను. ఆవిడకి ఇంకా చాలా అడగాలని ఉంది గానీ నేను కళ్ళు మూసుకున్నాను. ఇంటికొచ్చి ఫోను చూస్తే పాత ఆఫీసు వాళ్ళెవరో పెట్టిన మెసేజి ఉంది. ఆ సారు పోయి పది రోజులైందట.

పోయినవాళ్ళని గురించి చెడు మాట్లాడకూడదంటారు. ఆయన విషయంలో ఆ నియమం పాటిస్తే రాయడానికి ఏమీ మిగలదు. నేను చూసిన మనుషుల్లో అంత చేతిదురుసు ఉన్న కోపిష్టి ఇంకొకరు లేరు. పైగా అంత మర్యాదస్తుడూ లేరు. ఆయన నోట 'నువ్వు' అన్న మాట ఎవరూ వినలేదు. మెట్లెక్కి వచ్చిన కుక్కని కూడా "వెళ్ళండి, వెళ్ళండి" అనేవారు, అంటూనే మంచినీళ్ళ చెంబు విసిరేవారు. "తమరు ఈ కుర్చీలోంచి లేవకపోతే తమర్ని కిటికీలోంచి కిందకి పారేస్తానండీ" అని ఆయన అంటుంటే, నవ్వాలో పారిపోవాలో తెలియక కొత్తవాళ్ళు అక్కడే నిలబడి దెబ్బ తినేవారు. పాతవాళ్ళకి ఒక గుర్తుంది. మాట చివర 'అండి' పొట్టిగా ఉంటే భయం లేదు. దానికి దీర్ఘం వచ్చిందంటే ఏదో ఒకటి గాల్లోకి లేస్తుంది. మా యజమాని కీబోర్డులు డజన్ల లెక్కన తెప్పించి అటక మీద పెట్టేవాడు.

మా ఆఫీసు ఒక మందుల దుకాణం పైన ఉండేది. గోదావరి ఎంత పొంగితే నీరు ఎక్కడిదాకా వస్తుంది, ఏ గట్టు ఆగుతుంది, ఏది ఆగదు అని లెక్కగట్టే మోడలింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళం. రాసేది ఆయన ఒక్కరే. సర్వేయరు ఏటిగట్టు మీద నడుచుకుంటూ పాతిక మీటర్లకొకచోట ఎత్తు కొలిచి పుస్తకంలో రాసుకొస్తాడు. ఆ అంకెల్ని, ఆయా చోట్ల పేర్లతో సహా, కంప్యూటర్‌లోకి ఎక్కించేది నేను. నేను ఎక్కించాక ఆ ఫైలుని ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే పట్టుకోవడానికి ఆయన ఒక ఏర్పాటు చేశారు. లోకమంతా దాన్ని చెక్‌సమ్ అంటుంది. ఆయన ముద్ర అనేవారు.

"పూర్వం కళ్ళంలో ధాన్యం రాశి పోసి, కొలత అయ్యేదాకా ఎవరూ ముట్టుకోకుండా బూడిదతో ముద్రలేసేవారండి," అని చేరిన రోజునే నాకు చెప్పారు. "చారెడు గింజలు తీసినా రాశి జారుద్ది, ముద్ర చెదురుద్ది. ఇదీ అంతేనండి. మీరెక్కించిన అంకెలూ పేర్లూ అన్నీ కలిపి ఈ ప్రోగ్రాం నమిలేసి ఒక ముద్ర ఉమ్ముద్దండి."

ఆ ఉమ్మినది అంకెలూ అక్షరాలూ కలిసిన పొడుగాటి వరస. నాలుగు పాయింటు ఏడుని నాలుగు పాయింటు ఎనిమిది చేసి చూపించారు. వరస మొత్తం తలనుంచి తోకదాకా మారిపోయింది. తెర మీద ఎర్రగా 'ముద్ర చెదిరింది' అని పడింది, తెలుగులోనే. ఆయన ఆ వరసలో మొదటి ఎనిమిది గుర్తులూ చేత్తో జేబు డైరీలో రాసుకునేవారు. "కంప్యూటర్‌లో ఉన్నది ఎవరైనా మార్చొచ్చండి. జేబులోది మార్చాలంటే నన్ను చంపాలండి" అనేవారు. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహంలో వేళాకోళం ఏమీ ఉండేది కాదు.

ఒకసారి నేను రెండ్రోజులు సెలవు పెడితే, సర్వేయరే ఎక్కించి ఇచ్చిన రెండు ఫైళ్ళకి ఒకటే ముద్ర వచ్చింది. రెండు వేరువేరు ఊళ్ళ గట్లకి అలా రావడం కుదరదు. ఏమైందంటే, రెండో రోజు ఎండకి భయపడి అతను గట్టెక్కలేదు. ముందురోజు ఫైలుకే, లోపల ఏమీ మార్చకుండా, పైపేరు మార్చి ఇచ్చేశాడు. సారు అతన్ని మెడ దగ్గర చొక్కా పట్టుకుని మెట్ల మీదుగా ఈడ్చుకుంటూ రోడ్డు మీదకి తీసుకెళ్ళారు. మందుల దుకాణం ముందు, పదిమందీ చూస్తుండగా, గొడుగుతో కొట్టడం మొదలుపెట్టారు. "గట్టెక్కండీ. తమరు రేపు గట్టెక్కండీ" అని ఒక్కో దెబ్బకీ ఒక్కో మాట. గొడుగు విరిగి ఊచలు బయటికొచ్చాక, ఒక ఊచ సర్వేయరు చెయ్యి గీరి నెత్తురు కారాక ఆగారు. అదే రోడ్డు మీద అతనికి టీ ఇప్పించి, తన జేబురుమాలుతో కట్టు కట్టారు. ఆ సర్వేయరు మర్నాడు నిజంగానే గట్టెక్కాడు. ఆ తర్వాత అతను తెచ్చిన ఏ కొలతలోనూ తప్పు దొరకలేదు. కొట్టడం మంచిదని నేను చెప్పడం లేదు. జరిగింది చెబుతున్నాను.

ఇక నా వంతు. మా ఫైళ్ళలో పెద్దది గోదావరి వైనతేయ పాయ కుడిగట్టుది. ఆఫీసుకి కొత్త కంప్యూటర్ వస్తే దాంట్లో ఆ ఫైలు తెరిచి, చూసి, మూశాను. మూసేటప్పుడు సేవ్ చేయమంటారా అని అది అడిగితే అలవాటుకొద్దీ అవునన్నాను. మర్నాడు పొద్దున్న తెర మీద ఎర్రటి అక్షరాలు.

"ఎవరు ముట్టుకున్నారండి?"

"తెరిచి చూశానండి, అంతే. ఏమీ మార్చలేదు."

"మార్చకుండా ముద్ర చెదరదండి."

"నేను మార్చలేదంటున్నాను కదండీ."

"అబద్ధం చెప్పకండీ."

దీర్ఘం నాకు వినబడింది. తల తిప్పేలోగా ఇనప స్టాప్లరు వచ్చి కనుబొమ్మకి తగిలింది. కంట్లోకి వెచ్చగా ఏదో కారింది. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఎదురుగా ఆయన టిఫిన్ క్యారియర్ ఉంటే ఎత్తి చెవి మీద ఒక్కటిచ్చాను. మూత ఊడి ముక్కల పులుసంతా చొక్కా మీద కారింది. ఆఫీసంతా కొయ్యబారిపోయింది. ఆయన చెవి పట్టుకుని, పులుసులో తడిసి, నన్ను చూసి, ఔనన్నట్టు "ఆయ్" అన్నారు. నాకు నాలుగు కుట్లు పడ్డాయి.

నాలుగో రోజు పొద్దున్న ఆయన మా ఇంటికి వచ్చారు, చేతిలో ఒక కాగితంతో. మా అత్తగారు వాకిలి ఊడుస్తున్నారు. "అమ్మగారూ, మీ కోడలుగారి నెత్తురు కళ్ళజూసింది నేనేనండి" అని చెప్పుకున్నారు. మా అత్తగారు చీపురు తిరగేసి రెండు దెబ్బలు వేశారు. ఆయన కదల్లేదు. "ఆయ్, పడాల్సిందేనండి" అన్నారు. తర్వాత అరుగు మీద కూర్చుని నాకు కాగితం చూపించారు. దాని మీద 'వై' అని పెద్దగా రెండుసార్లు రాసి ఉంది.

"తప్పు ఈ 'వై'లో ఉందండి. మీలో లేదండి. పాత కంప్యూటర్ ఐత్వాన్ని ఒకటే ముక్కగా దాచుద్ది. కొత్తది పైన ఎత్వం వేరే, కింద తోక వేరే, రెండు ముక్కలుగా దాచుద్దండి. కంటికి రెండూ ఒకటే. ముద్రకి కళ్ళుండవు కదండి, మారిందనేసింది." కాగితం మడిచి, "మీరు మార్చలేదన్నారు. నేను ప్రోగ్రాంని నమ్మేను, మిమ్మల్ని నమ్మలేదు. ఇకమీదట మీ మాట వింటానండి" అన్నారు. క్షమించమన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు. నేనూ క్షమించలేదు. ఆయన వెళ్ళాక అత్తగారు, "మనిషి మంచోడేనే, చేతులే చెడ్డయ్యి" అన్నారు.

ఆయన ప్రోగ్రాం సరిచేశారు. అక్షరాలన్నిటినీ ముందు ఒక తీరుకి తెచ్చి ఆ తర్వాతే ముద్ర వేసేలా మార్చారు. కానీ మన ఊళ్ళలో కథ ఊరుకుంటుందా. వైనతేయ తోక సంగతి అందరి నోళ్ళలో పడింది. మా ఆఫీసులో ఏ మూల ఏ యంత్రం ఆగిపోయినా, "మళ్ళీ వైనతేయకి తోక ఊడిందాండీ?" అని నవ్వేవారు. ఆయన వినబడనట్టు తల వంచుకుని పనిచేసుకునేవారు. అలా ఉండడం ఆయనకి ఎంత కష్టమో ఆ వేళ్ళు చూస్తే తెలిసేది.

రెండేళ్ళు గడిచాయి. వైనతేయ కుడిగట్టు పొడుగునా ఎత్తు పెంచానని ఒక కాంట్రాక్టరు చెప్పుకున్నాడు. నిజంగా పెరిగిందా లేదా కొలిచి, మోడల్‌లో పెట్టి చెప్పడం మా పని. మా సర్వేయరు కొలిచి తెచ్చాడు. నేను ఎక్కించాను. అన్నిచోట్లా ఆరు పాయింటు అరవై మీటర్లకి అటూ ఇటూ ఉంటే, ఒకచోట వరసగా మూడు కొలతలు ఆరు పాయింటు నలభైకి దిగిపోయాయి. "ఇక్కడ తగ్గిందేంటండీ?" అని సర్వేయరుని అడిగితే, "గేదెల్ని దింపే రేవండి. అక్కడ గట్టు కుంగింది. వీళ్ళు దాని జోలికే వెళ్ళలేదండి" అన్నాడు. సారు ముద్ర వేసి డైరీలో రాసుకున్నారు. అప్పటికింకా అంకెలు చూడలేదు. ఆ వారంలోనే సర్వేయరుకి వీసా వచ్చి మస్కట్ వెళ్ళిపోయాడు.

రిపోర్టు తీసుకెళ్ళడానికి కాంట్రాక్టరు వచ్చిన రోజు పొద్దున్న పదకొండు గంటలకి సారు ఫైలు తెరిచారు. ఎర్రగా పడింది. డైరీ తీసి చూసుకున్నారు. కలవలేదు.

"ఈ ఫైలు ఎవరు తెరిచేరండి?" అని యజమానిని అడిగారు.

"ఎవరు తెరుస్తారండి?"

"సర్వే పుస్తకం ఇప్పించండి."

"కనబడట్లేదండి. ఆ కుర్రాడు పట్టుకుపోయేడేమో."

కాంట్రాక్టరు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "మళ్ళీ వైనతేయకి తోక ఊడిందేమోనండి."

సారు లేచారు. "గట్టు ఎత్తమంటే అంకె ఎత్తేరాండీ తమరు?"

దీర్ఘం ఇంకా గాల్లో ఉండగానే కాంట్రాక్టరు జుట్టు ఆయన పిడికిట్లో ఉంది. తల బల్లకేసి కొట్టారు. ఒకసారి, రెండోసారి. పెదవి చిట్లి పళ్ళు ఎర్రగా కనిపించాయి. కింద జీపులో ఉన్న అతని మనుషులిద్దరూ మెట్లెక్కి వచ్చారు. ఒకడి చేతిలో మందుల దుకాణం షట్టరు దించే ఇనపకొక్కెం ఉంది. ఆ తర్వాత అంతా కొట్టడమే. ఆయన పడిపోయాక కూడా కొట్టారు. డొక్కలో తన్నారు. బల్ల అంచు పట్టుకుని లేవబోతే కుడిచేతి వేళ్ళ మీద కొక్కెంతో కొట్టారు. ఎండుపుల్ల విరిగిన చప్పుడు వచ్చింది. "కొట్టండి బాబూ, కొట్టండి. అంకె మాత్రం మార్చకండి" అని ఆయన అంటూనే ఉన్నారు. ఆపడానికి ఎవరూ కదల్లేదు. నేనూ కదల్లేదు.

చివరికి మా యజమాని అడ్డం వచ్చి, "ఆగండి, ఆగండి. అంకెలు ఎక్కించింది ఈవిడే కదా, ఈవిడనే అడుగుదాం" అన్నాడు.

నేల మీదనుంచి సారు తల ఎత్తారు. "ఆవిడని అడగండి. ఆవిడ ఏం చెబితే నాకదేనండి."

తెర నా ముందుకి తిప్పారు. నా మూడు అంకెలూ కళ్ళముందున్నాయి. మూడిటినీ జానెడు పైకి ఎత్తేశారు. నలభై ఉన్నచోట అరవై. కొక్కెం పట్టుకున్నవాడు నా కుర్చీ పక్కనే ఉన్నాడు. భయం వేసింది, కాదనను. కానీ భయమొక్కటే అయితే ఇన్నాళ్ళు ఇంతగా నన్ను తినేది కాదు. నన్ను నెత్తురొచ్చేలా కొట్టినవాడు నెత్తురోడుతూ నా మాట కోసం చూస్తుంటే నాలో ఒక మూల సంతోషం కూడా కలిగింది.

"ఇవే అంకెలండి," అన్నాను. "పేర్లలో ఇంకేదో అక్షరం తేడా వచ్చుంటుందండి."

ఆయన నన్ను చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత మోకాళ్ళ మీద లేచి, విరిగిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, కాంట్రాక్టరు వైపు తిరిగి నమస్కారం పెట్టారు. "అయితే తప్పు నాదేనండి. తమరు పెద్ద మనసు చేసుకోండి" అన్నారు. వెటకారం అనుకున్నాను. నా అబద్ధం ఆయనకి తెలిసిపోయిందనీ, నా మొహాన ఉమ్మడానికి బదులు అలా అన్నారనీ అనుకున్నాను.

ఆ తర్వాత రెండు నెలలు ఆయన ఎడంచేత్తో టైపు చేశారు. ఒక్క వస్తువు విసరలేదు. నాతో మాట్లాడలేదు. ఆగస్టులో ఏరు పొంగింది. పెద్ద నీళ్ళు. వైనతేయ గట్టు నిలబడింది. "చూసేరా, మీ ముద్ర ఏమందో, గట్టు ఏం చేసిందో" అన్నాడు యజమాని. ఆయన "ఆయ్" అని డైరీ జేబులో పెట్టుకుని తన ఊరు కొత్తపేట వెళ్ళిపోయారు. మళ్ళీ ఆఫీసుకి రాలేదు. నేనూ కొన్నాళ్ళకి మానేసి ఒక స్కూలు ఆఫీసులో చేరాను.

మెసేజి వచ్చిన మర్నాడు కొత్తపేట వెళ్ళాను. ఆయన భార్య చిన్న మనిషి, సన్నటి గొంతు. నేనెవరో చెప్పగానే చేతులు పట్టుకున్నారు. "మీరేనాండీ ఆ వైనతేయ అమ్మాయి? ఆయన్ని తిరిగి కొట్టింది మీరొక్కరేనంట. ఎన్నిసార్లు చెప్పుకున్నారో" అంటూ లోపలికి తీసుకెళ్ళారు.

కిటికీ దగ్గర ఒక బల్ల. దాని మీద ఆ జేబు డైరీ, లావుపాటి నోటుపుస్తకాలు నాలుగు. తెరిస్తే అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు. ఒక్కో అక్షరాన్నీ ఎన్నిరకాలుగా ముక్కలు చేయొచ్చో అన్నిరకాలుగా, ఎడంచేతి వంకర రాతలో. ప్రతి ముక్క పక్కనా ఒక ముద్ర. ప్రతి ముద్ర పక్కనా 'కాదు' అని.

"రోజూ పొద్దున్న కాఫీ తాగి కూర్చునేవారండి," అన్నారావిడ. "ఇంక ఊరుకోండి అంటే వినేవారు కాదు. 'అంకెలు మారలేదని ఆ అమ్మాయిగారన్నారంటే మారలేదంతేనండి. గట్టు కూడా నిలబడింది కదా. తప్పు నా ముద్రలోనే ఎక్కడో ఉంది. ఒకసారి నమ్మక నెత్తురొచ్చేలా కొట్టేను, రెండోసారి ఆ తప్పు చెయ్యను' అనేవారండి. మంచమ్మీద పడ్డాక కూడా అదే ధ్యాస. నాకేం తెలుస్తుందండి? మీకు తెలిసే ఉంటుంది. అసలేంటండి ఆ తప్పు?"

ఆయన నన్ను నమ్మారు. ఇన్నేళ్ళూ నన్ను అసహ్యించుకుంటున్నారనుకుని నేను బతికాను, ఆయన నన్ను నమ్మి చచ్చిపోయారు.

"తప్పేమీ లేదండి," అన్నాను. "ముద్ర సరిగ్గానే చెప్పింది. అంకెలు మార్చారు. నేను చూశాను. చూసి అబద్ధం చెప్పాను."

ఆవిడ చెయ్యి ఎప్పుడు లేచిందో చూడలేదు. చెంప మీద పడింది. చెవిలో గుయ్యిమంది. రెండోసారీ పడింది, ఈసారి ఉంగరం తగిలి దవడ గీసుకుంది. నేను అలాగే నిలబడ్డాను. ఆవిడ తన చేతిని తనే చూసుకున్నారు.

"ముప్ఫై ఏళ్ళు ఈ ఇంట్లో కంచాలెగిరేయండి. నేను ఒక్కరోజు ఎవరి మీదా చెయ్యెత్తలేదు," అన్నారు. కొంగుతో మొహం తుడుచుకున్నారు. "ఈ మాట ఇప్పుడు నాకు చెబితే ఏం లాభమండి? ఆ గట్టు ఇంకా అలాగే ఉందా?"

"ఉండే ఉంటుందండి."

"అయితే దానికింద ఉన్నోళ్ళకి చెప్పండి. వెళ్ళండి."

మర్నాడు మొదటి బస్సుకి వెళ్ళాను. గట్టు మీద రెండు కిలోమీటర్లు నడిచాక గేదెల రేవు కనబడింది. అక్కడ గట్టు కుంగి ఉంది. కొలవక్కర్లేదు, కంటికే తెలుస్తోంది. ఒక నడివయసు ఆవిడ గేదెల్ని నీళ్ళలోకి తోలుతోంది.

"మీ గట్టు ఇక్కడ జానెడు తక్కువుందండి," అన్నాను.

ఆవిడ నా దవడ మీద గీతని చూసి, నన్ను ఎగాదిగా చూసింది. "ఆయ్, తెలుసండి. నీళ్ళొచ్చినప్పుడల్లా బస్తాలేసేది ఇక్కడే కదండి. ఆ పెద్ద నీళ్ళప్పుడు ఊరంతా రెండ్రోజులు ఇసక బస్తాలు మోసేం. మా మరిదికి అప్పుడు పట్టేసిన నడుం ఇప్పటికీ తిన్నగవలేదు." గేదె వీపు మీద చరిచి మళ్ళీ నా వైపు తిరిగింది. "కంప్యూటర్‌లో పెట్టి చూస్తారంట కదండీ. వాళ్ళకి తెలీలేదాండీ?"

"ఒకాయనకి తెలిసిందండి," అన్నాను. "నేనే కాదన్నాను."